ధర పెంచునది యంత్రము కాదు, పోటీ

పసుపు పండించుట ఒక యెత్తు, తగిన ధరకు అమ్ముకొనుట మరియొక యెత్తు. పూర్వము కొన్ని బజారులలో వ్యాపారులు గుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టి బేరము కుదుర్చుకొనెడివారు. సరుకు తనదే అయినను, బేరము నడచిన తీరు రైతుకు తెలిసెడిది కాదు.

ఈ చీకటి బేరమును తొలగించుటకే జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా ఇ-నామ్, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైనది. పసుపునకు పేరుపొందిన నిజామాబాదు యార్డు మొదటనే ఇందులో చేరినది. గేటువద్ద సరుకు నమోదు చేసి రాశికొక నంబరు ఇత్తురు. నమూనా తీసి నాణ్యము పరీక్షింతురు. వ్యాపారులు కంప్యూటరులోగాని సెల్‌ఫోనులోగాని గడువులోపల ధర వేయుదురు. హెచ్చు ధర నచ్చినచో రైతు అంగీకరించవచ్చును; నచ్చనిచో నిరాకరించవచ్చును.

పోటీ బలమెట్టిదో చూడుడు. ఒక రాశికి క్వింటాలుకు ఒకరు 12,000, మరొకరు 12,600 రూపాయల వరకు పెట్టగలరనుకొందము. ఈ ఇద్దరే పాడిన, పాట 12,000 దాటగానే మొదటివాడు తప్పుకొనును; ధర అక్కడనే నిలుచును. 13,200 వరకు పెట్టగల మూడవవాడు చేరినచో పాట 12,600 దాటును. పది క్వింటాళ్ళకు 6,000 రూపాయలు అదనము! సరుకు అదే, యంత్రమూ అదే. పెరిగినది కొనువారి సంఖ్య మాత్రమే. ఒకే లైసెన్సుతో రాష్ట్రమంతట కొనవచ్చునను నిబంధన ఇందుకే ఏర్పడినది.

కాని వ్యాపారులు ముందే కూడబలుకుకొన్నచో కంప్యూటరు ఏమి చేయగలదు? నాణ్యపు పరీక్ష సరిగా లేనిచో దూరపు వ్యాపారి కంటితో చూడని సరుకుకు ధర వేయునా? అడ్వాన్సు తీసికొన్న రైతు ఆ అడితిదారుని కాదని వేరొకరికి అమ్మగలడా?

కావున రైతు సోదరులు ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. పసుపును బాగుగా ఎండబెట్టి, కొమ్ములను, మండను వేరుచేసి తేవలెను.
2. పరీక్ష ఫలితము, రాశి నంబరు అడిగి తీసికొనవలెను.
3. ఎందరు ధర వేసిరో విచారించవలెను.
4. తూకము దగ్గరుండి చూచుకొని, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడినదో లేదో సరిచూచుకొనవలెను.

గ్రామాధికారులు రైతుల పాసుపుస్తకము, ఫోను నంబరు సరిగా నమోదగునట్లు తోడ్పడవలెను. పంట ఋణము బ్యాంకులోగాని సహకార సంఘములోగాని దొరకునట్లు చూచుట అంతకంటె ముఖ్యము. అప్పు ఒత్తిడి లేని రైతే చాలని ధరకు “వద్దు” అనగలడు. ఆ మాట అనగలవానికే పోటీవలన లాభము.