విమాన ప్రయాణము: దూరమును, కాలమును లెక్కించు విధము

బొబ్బిలి ప్రాంతము నుండి చదువులకును, ఉద్యోగములకును దూరదేశములకు పోవుట నేడు వింత కాదు. టిక్కెట్టు చేతికి రాగానే, దానిని చదివి చెప్పుమని ఇంటివారు పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చుటయు సహజమే. తేదీని ఒక్క దినము పొరబడినచో విమానము దాటిపోవును. అప్పు చేసి కట్టిన సొమ్ము నష్టమగును. కావున ఈ లెక్కను సభ్యులు తెలిసికొనియుండుట మేలు.

దూరము

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దానిని 360 డిగ్రీలకు పంచగా డిగ్రీ ఒక్కింటికి 111 కిలోమీటర్లు వచ్చును. పాఠశాలలోని గ్లోబుపై విశాఖపట్టణము నుండి సింగపూరు వరకు ఒక దారమును బిగువుగా పట్టుడు. ఆ దారమునే భూమధ్యరేఖపై పెట్టి కొలిచినచో సుమారు 26 డిగ్రీలుండును. 26ను 111తో హెచ్చింపగా 2,886. అనగా దాదాపు 2,900 కిలోమీటర్లు.

ఈ కొలతకు గోడపటము పనికిరాదు. హైదరాబాదు నుండి అమెరికాలోని చికాగోకు పటముపై గీత గీసినచో అది పడమరగా అట్లాంటిక్ సముద్రము మీదుగా పోవును. గ్లోబుపై దారము మాత్రము ఉత్తర ధ్రువమునకు చేరువగా పోవును. సుమారు 13,300 కిలోమీటర్ల ఆ దారియే దగ్గరి దారి.

కాలము

ప్రయాణీకుల జెట్ విమానము ఆకాశమున గంటకు 850 నుండి 900 కిలోమీటర్లు పోవును. అయితే ఎక్కుటకును, దిగుటకును వేగము తగ్గును. కావున 800తో భాగించి, మరొక అరగంట కలుపుట సులభమైన పద్ధతి. సింగపూరునకు ఈ లెక్కను సుమారు 4 గంటలు. ఎదురుగాలి ఉన్నచో కాలము కొంత పెరుగును.

గడియారములు

టిక్కెట్టుపై బయలుదేరు వేళ మన గడియారము ప్రకారమును, చేరు వేళ ఆ దేశపు గడియారము ప్రకారమును ఉండును. మన దేశ కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ చేరువగా పోవుచున్నది. సింగపూరు గడియారము మనకంటె 2½ గంటలు ముందుండును. రాత్రి 11 గంటలకు బయలుదేరిన విమానము మన లెక్కను తెల్లవారుజామున 3 గంటలకు చేరును. అక్కడ అప్పటికి 5.30. టిక్కెట్టు చూచినవారికి ప్రయాణము 6½ గంటలని తోచును. తిరుగు ప్రయాణమున అదే 4 గంటలు ఒకటిన్నర గంటగా కనబడును!

తేదీ

మన పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును. టిక్కెట్టులో అర్ధరాత్రి 12 గంటలకే తేదీ మారును. 10వ తేదీ 00.30 అని ఉన్నచో అది 9వ తేదీ రాత్రి గడచిన అరగంటకు అని గ్రహింపవలెను. విదేశ ప్రయాణమునకు మూడు గంటలు ముందుగా, అనగా 9వ తేదీ రాత్రి 9.30కే విమానాశ్రయము చేరవలెను. రోడ్డు ప్రయాణమునకు మూడు గంటలు, ఆలస్యములకు మరి కొంత కాలము విడిచి, ఆ సాయంత్రము 5 గంటలకే బొబ్బిలి విడువవలెను. విమానము ఎక్కవలసినది విశాఖపట్టణముననా, భోగాపురముననా అనునదియు టిక్కెట్టులో చూచుకొనవలెను.

ఒక సాయంత్రము ఉపాధ్యాయుని సాయముతో, గ్లోబును దారమును ముందుంచుకొని, ఈ లెక్కను గ్రామస్థులకు చేసి చూపుడు. ప్రయాణమగు బిడ్డ ఏ వేళకు దిగునో, ఏ వేళకు కబురు వచ్చునో తెలిసినచో ఇంటనున్న తల్లిదండ్రులకు ఆ రాత్రి కలవరము తగ్గును.