పైథాన్-ఆర్ అనుసంధానములో కన్సోల్ కాల్‌బ్యాక్‌లు

ఒక ప్రోగ్రామింగు భాషలో నడిచే ప్రోగ్రాములో మరొక భాష యొక్క ఇంటర్‌ప్రెటరును ఇమిడ్చినపుడు, రెండవ భాష తెరపై చూపదలచిన పాఠ్యమును మొదటి భాషలోని ఫంక్షనుకు అప్పగించే ఏర్పాటును కన్సోల్ కాల్‌బ్యాక్ అంటారు. పైథాన్, ఆర్ భాషలను కలిపే ఆర్‌పై2 లైబ్రరీ దీనికి చక్కని ఉదాహరణ.

నేపథ్యము

గణాంకశాస్త్రములో విస్తృతముగా వాడబడే ఆర్ భాషను న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయములో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. దీని 1.0.0 వెర్షను 2000లో వెలువడినది. పైథాన్‌ను గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశాడు. ఆర్‌పై2 వాడినపుడు రెండు భాషలూ ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. అపుడు ఆర్‌కు సొంత కన్సోల్ ఉండదు. కనుక దాని మాట ఎక్కడ వినిపించవలెనో పైథాన్ నిర్ణయించవలసి ఉంటుంది.

పనిచేయు విధానము

ఆర్ యొక్క మూలభాగము సీ భాషలో వ్రాయబడినది. యునిక్స్ తరహా వ్యవస్థలలో వ్రాయుట, చదువుట, బఫరును ఖాళీ చేయుట వంటి కన్సోల్ పనులకు అది ఒక్కొక్క ఫంక్షను పాయింటరును ఉంచుతుంది. ఆర్‌పై2 ఆ పాయింటర్లలో తన ఫంక్షన్లను నిలుపుతుంది.

వ్రాయునపుడు ఆర్ పాఠ్యముతో పాటు ఒక సంఖ్యను కూడా పంపుతుంది. 0 అయితే సాధారణ ఫలితము, 1 అయితే హెచ్చరిక లేదా దోషము. ఈ భేదమును బట్టి రెండు వేర్వేరు పైథాన్ ఫంక్షన్లు పిలువబడతాయి. వీటి స్థానములో వాడుకరి తన ఫంక్షన్లను ఉంచి పాఠ్యమును ఫైలులోనికి గాని, జాబితాలోనికి గాని మళ్ళించవచ్చు.

జాగ్రత్తలు

* పైథాన్‌లో పుట్టిన ఎక్సెప్షన్ సీ ఫంక్షన్ల గుండా సురక్షితముగా పైకి పోలేదు. దానిని కాల్‌బ్యాక్ లోపలనే పట్టుకొని నమోదు చేయవలెను.
* సీ భాషకు చిరునామా ఇచ్చిన ఫంక్షనును పైథాన్ చెత్త సేకర్త తొలగించకుండా చూడవలెను. లేనిచో ప్రోగ్రాము హఠాత్తుగా కూలిపోవచ్చు.
* తాత్కాలికముగా మార్చిన కాల్‌బ్యాక్‌ను పని ముగియగానే పూర్వస్థితికి తేవలెను. పైథాన్‌లోని "విత్" వాక్యము ఇందుకు అనుకూలము.
* కీబోర్డు వద్ద ఎవరూ లేని సర్వరులో, చదివే కాల్‌బ్యాక్ జవాబు కొరకు ఎదురుచూస్తూ నిలిచిపోకూడదు.

హెచ్చరికలను అణచుట వలన నష్టము

తెర నిండిపోతున్నదని కొందరు హెచ్చరికల కాల్‌బ్యాక్‌గా ఏమీ చేయని ఫంక్షనును ఉంచుతారు. ఇది ప్రమాదకరము. ఉదాహరణకు, దశాంశ బిందువుకు బదులు కామాతో "12,5" అని ఉన్న పాఠ్యమును సంఖ్యగా మార్చమంటే, ఆర్ దానిని "విలువ లేదు" అని గుర్తించి ఒక హెచ్చరిక ఇస్తుంది. ఆ తరువాత విలువ లేనివాటిని వదలి సగటు కట్టమంటే, మిగిలిన విలువలతో మాత్రమే లెక్క కడుతుంది. హెచ్చరిక అణచబడితే, కొన్ని విలువలు జారిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. సగటు మాత్రము సరియైనదిగానే కనిపిస్తుంది. కావున హెచ్చరికలను తెరపై చూపకపోయినను, తరువాత పరిశీలించుటకు వీలుగా భద్రపరచుట మంచిది.