మీకు తెలుసా? ఉంగరాల జుట్టుకు నూనె తలస్నానానికి ముందే!

ఉంగరాల జుట్టు త్వరగా పొడిబారడానికి కారణం దాని వంపులే. మాడు మీద ఊరే సహజమైన జిడ్డు తిన్నటి వెంట్రుక వెంట సులువుగా కిందికి దిగుతుంది. మెలికలుంటే కొసల దాకా చేరదు. ఉన్న ఆ కాస్త జిడ్డునూ షాంపూ కడిగేస్తుంది.

తడిసిన వెంట్రుక నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది. పదే పదే ఇలా జరిగితే పైపొర దెబ్బతింటుంది. ముందుగా పట్టించిన కొబ్బరినూనె ఆ ఉబ్బును తగ్గిస్తుంది. 2003లో మారికో కంపెనీ పరిశోధకులు కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రోటీన్ నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. (అది కొబ్బరినూనె అమ్మే కంపెనీయే లెండి!) కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది. అందుకే వెంట్రుక లోపలికి చొరబడగలదు.

అంటే మన తలంటులో ముందు నూనె, తర్వాత కుంకుడురసం అన్న వరస సరైనదే. పొడి జుట్టుకే, కొసలకు కాస్త ఎక్కువగా నూనె రాసి, వేళ్లతో చిక్కు తీసి, అరగంట ఆగి తలస్నానం చేస్తే చాలు. చుండ్రు ఉంటే మాత్రం మాడుకు నూనె పెట్టకండి. చుండ్రును పెంచే శిలీంధ్రానికి జిడ్డే ఆహారం.