ముక్కలు ఏరితేనే తెలిసింది

భూమికి దగ్గరి కక్ష్యల్లో సుమారు 10 సెంటీమీటర్లకు మించిన శకలాలను రాడార్లు పట్టేస్తాయి, వాటి దారి లెక్కగట్టి ఉపగ్రహాలను పక్కకు తప్పించవచ్చు. చిక్కంతా చిన్నవాటితోనే. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే కొన్ని మిల్లీమీటర్ల ముక్క చాలు, ఉపగ్రహం మూలనపడుతుంది. వీటిని ఒక్కొక్కటిగా వెంటాడలేం కనుక ఎన్ని ఉంటాయో అంచనా కట్టుకోవాలి. అందుకు పెద్ద ఆధారం నేలమీద ఉపగ్రహాలను బద్దలుకొట్టి చూసిన ప్రయోగాలే. ఉపగ్రహాల తయారీ మారాక పాత ప్రయోగాన్నే నమ్ముకుంటే అంచనా దారి తప్పుతుంది.

తప్పింది కూడా. నాసా వాడుతున్న అంచనా నమూనాకు 1992లో అమెరికాలో పగలగొట్టిన ట్రాన్సిట్ ఉపగ్రహం ముఖ్య ఆధారం. అది 1960ల నాటి సరుకు. 2009లో రష్యా కాస్మోస్-2251, అమెరికా ఇరిడియం-33 ఢీకొన్నప్పుడు పాతతరం కాస్మోస్ శకలాలు ఆ లెక్కకు సరిపోయాయి. కొత్త తేలిక పదార్థాలతో చేసిన ఇరిడియంవి, అంతకుముందు 2007లో చైనా క్షిపణితో కూల్చిన ఫెంగ్యున్-1సివి సరిపోలేదు. అందుకే 2014లో టెనెసీలోని ఆర్నాల్డ్ కేంద్రంలో ‘డెబ్రిశాట్’ అనే 56 కిలోల ఉపగ్రహ నమూనా మీదికి అరకిలో పైచిలుకు గుండును సెకనుకు 6.8 కిలోమీటర్ల వేగంతో వదిలారు. మామూలు తుపాకికి అంత వేగం రాదు. ఇక్కడ మందుగుండు పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ తేలికైన హైడ్రోజన్‌ను నొక్కుతుంది, ఆ వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి గుండును నెడుతుంది. గోడలకు తగిలి ముక్కలు మళ్లీ పగలకుండా చుట్టూ మెత్తని ఫోమ్ పలకలు అమర్చారు. తర్వాతి పని ఓపికది: ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆ పలకలను ఎక్స్‌రే తీసి, ముక్కలు ఏరి, తూచి, కొలిచారు. 2 మిల్లీమీటర్లు దాటినవి 85 వేలదాకా ఉంటాయని పాత అంచనా నమూనా చెప్పింది. దొరికినవి లక్ష దాటాయి. వాటిలో కార్బన్ ఫైబర్ పీలికలే ఎక్కువ. గుండ్రటి ముక్కనూ సూదిలాంటి పీలికనూ ఒకే గాటన కట్టిన లెక్క ఇక చెల్లదు.

కక్ష్యలో వేగం ఇంకా ఎక్కువ కదా, తుపాకి ప్రయోగం అక్కడికి వర్తిస్తుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఢీకొన్న శక్తి గ్రాముకు 40 జౌళ్లు దాటితే ఉపగ్రహం పూర్తిగా తునాతునకలవుతుందని నిపుణుల లెక్క. డెబ్రిశాట్‌కు తగిలింది సుమారు 235. ముక్కల తీరును శాసించేది ఆపైన ఉపగ్రహం దేంతో తయారైందన్నదే. ఒక్క ఉపగ్రహ నమూనాతో అన్నిటికీ తీర్పు చెప్పడం మాత్రం నిజంగా లోపమే, దానికి మందు మరిన్ని ప్రయోగాలు. వేలకొద్దీ ఉపగ్రహాలు పంపుతున్న సంస్థలు వాటిలో ఒకదాన్ని ఈ తుపాకి ముందు పెట్టాలి.