యూనిట్ 7: డ్రెసాజ్ అభ్యాస పోటీల్లో రౌతు పాటించవలసిన నియమాలు, మర్యాదలు

7.1 పరిచయం

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అనే సామెత మీరు వినే ఉంటారు. ఈ యూనిట్ పూర్తయ్యేవరకు దాన్ని కాస్త పక్కన పెట్టండి. మనం ఇప్పుడు చదవబోయే డ్రెసాజ్ అనే స్వారీ క్రీడలో రౌతు చేయి మెత్తగా ఉండటమే మెచ్చుకోదగిన గుణం. డ్రెసాజ్ ఫ్రెంచి మాట, శిక్షణ అని అర్థం. వేగం, ఎత్తు దూకడం ఇందులో లెక్కకు రావు. రౌతు ఇచ్చే చిన్న సంకేతానికి గుర్రం ఎంత ప్రశాంతంగా, ఎంత కచ్చితంగా స్పందిస్తున్నదో చూసి మార్కులు వేస్తారు.

2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెసాజ్‌లో స్వర్ణం గెలిచింది. అప్పుడే మనలో చాలామందికి ఈ క్రీడ పేరు తెలిసింది. అయితే ఈ యూనిట్‌లో మనం అంత పై స్థాయికి వెళ్ళడం లేదు. ఔత్సాహికులు మొదటిసారి పోటీ అనుభవం సంపాదించే చోటికి వెళుతున్నాం. అమెరికాలో దీన్ని ‘స్కూలింగ్ షో’ అంటారు. ఏదో ఒక స్వారీ శిక్షణాలయంలోనో, ఒకరి సొంత ఫారంలోనో ఒక రోజు జరిగే అభ్యాస పోటీ ఇది. ఇక్కడ వచ్చిన మార్కులు జాతీయ ర్యాంకులకు లెక్కలోకి రావు. ప్రవేశ రుసుం తక్కువ, దుస్తుల విషయంలో పట్టింపు తక్కువ.

పట్టింపు తక్కువ అన్నందువల్ల నియమాలు లేవని అనుకోకండి. ఇటువంటి పోటీల్లో చాలావరకు యునైటెడ్ స్టేట్స్ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ నియమావళినే అనుసరిస్తారు. ఏ నియమాన్ని సడలించారో నిర్వాహకులు ‘ప్రైజ్ లిస్ట్’ అనే ప్రకటన పత్రంలో రాస్తారు. పేరును చూసి అది బహుమతుల జాబితా అని పొరబడి చదవకుండా వదిలేసే కొత్తవారు ఉంటారు. అసలు షరతులన్నీ ఉండేది అందులోనే.

7.2 పోటీకి ముందు

ప్రవేశపత్రంతో పాటు గుర్రం ఆరోగ్య పత్రాలు జతచేయాలి. వీటిలో ముఖ్యమైనది కాగిన్స్ పరీక్ష ఫలితం. గుర్రాలకు వచ్చే అంటు రక్తహీనత వ్యాధిని ఈ రక్తపరీక్ష గుర్తిస్తుంది. జోరీగల వంటి కుట్టే ఈగల ద్వారా ఈ వ్యాధి ఒక గుర్రం నుంచి మరొక గుర్రానికి సోకుతుంది. దీనికి మందు లేదు. వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చిన గుర్రాలు ఒకే ఆవరణలో నిలబడే రోజున ఈ కాగితం ఎందుకు అడుగుతారో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది. కాగితం లేకపోతే గుర్రాన్ని వాహనం నుంచి దించనివ్వకపోవచ్చు. అప్పుడు గేటు దగ్గర వాదించి ప్రయోజనం లేదు.

ప్రతి రౌతుకూ ఒక సమయం కేటాయిస్తారు. ముందున్నవారు రాకపోయినా, మీ సమయం కాకముందే రింగులోకి దిగమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. మీరు ఒప్పుకుంటే దిగవచ్చు. ఒకవేళ మీరే రాలేకపోతే ఆ సంగతి షో కార్యదర్శికి వెంటనే తెలియజేయాలి. చెప్పకుండా మానేస్తే న్యాయనిర్ణేత, లేఖకుడు, గేటు దగ్గరి స్వచ్ఛంద కార్యకర్త ఖాళీ రింగును చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

దుస్తుల విషయం రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. శుభ్రమైన కాలరు చొక్కా, స్వారీ ప్యాంటు, మడమ ఉన్న బూట్లు చాలు. కోటు, అల్లిన జూలు ఉండితీరాలని స్కూలింగ్ షోలో ఎవరూ అడగరు. శిరస్త్రాణానికి మాత్రం సడలింపు లేదు. గుర్రం మీద ఉన్నంతసేపూ, వార్మప్‌లో కూడా, పట్టీ బిగించిన హెల్మెట్ తలమీద ఉండాలి. కొరడా వాడేవారు దాని పొడవు 120 సెంటీమీటర్లు మించకుండా చూసుకోవాలి. గుర్రం తల పైకెత్తకుండా ఆపే మార్టింగేల్ వంటి పట్టీలు పోటీ రింగులో నిషిద్ధం. అటువంటి పట్టీ సాయంతో తల దించితే శిక్షణ ఫలితం ఎంతో, తోలుపట్టీ ఫలితం ఎంతో తేల్చలేం.

7.3 వార్మప్ రింగు

ఈ యూనిట్‌లో మీరు అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే. పోటీ రింగులో ఒకసారికి ఒక్క రౌతే ఉంటారు. అక్కడ మీరు పొరపాటు చేస్తే పోయేవి మీ మార్కులే. వార్మప్ రింగులో ఒకేసారి ఎనిమిది, పది గుర్రాలు తిరుగుతుండవచ్చు. అక్కడ మీ పొరపాటు వల్ల మరొకరు కింద పడవచ్చు. విచిత్రం ఏమంటే, నియమావళిలో ఎక్కువ పేజీలు మొదటిదానికే కేటాయించారు. రెండోచోట చాలావరకు నోటిమాటగా వచ్చిన మర్యాదలే దిక్కు.

గుర్రం స్వభావం తెలిస్తే ఈ మర్యాదలు బట్టీ పట్టనక్కరలేదు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. భయం వేస్తే ముందు పరుగెత్తుతుంది, ఆలోచన తర్వాత. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. ముక్కుకు సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనుక మాత్రం కనిపించదు. కనిపించని చోట ఏదో దగ్గరికి వచ్చిందని తోస్తే వెనుక కాళ్ళతో తన్నుతుంది. బరువు చూస్తే సుమారు అయిదు వందల కిలోలు. అందుకే ముందున్న గుర్రానికీ మీకూ మధ్య కనీసం ఒక గుర్రం నిడివి ఖాళీ ఉంచాలి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రమని హెచ్చరిక. ఇంకా దూరంగా ఉండండి. మీ గుర్రానికే ఆ అలవాటు ఉంటే రిబ్బను కట్టడానికి నామోషీ పడకండి.

ఎదురెదురుగా వచ్చే రౌతులు ఎడమ భుజం వైపు ఎడమ భుజం ఉండేలా దాటుకోవాలి. మన రోడ్ల అలవాటుకు ఇది సరిగ్గా తలకిందులు. మనం ఎడమ పక్కన నడుపుతాం కనుక ఎదుటి బండి మన కుడివైపు నుంచి పోతుంది. ఇక్కడ మీరు కుడికి జరగాలి. నడకలో ఉన్నవారు, ఆగి జీను పట్టీ బిగించుకునేవారు అంచున ఉండే బాటను వదిలి లోపలికి రావాలి. ట్రాట్, కాంటర్ అనే వేగవంతమైన గతుల్లో ఉన్నవారికి అంచు బాట కావాలి. ఎవరిని ఏ పక్కనుంచి దాటబోతున్నారో ‘ఇన్‌సైడ్’, ‘అవుట్‌సైడ్’ అని ముందుగా వినిపించేలా చెప్పాలి. లోపలికి వచ్చేముందు ‘గేట్’ అని పిలిచి, జవాబు విని రావాలి.

ఇవన్నీ పాటించినా, మీ చూపు గుర్రం మెడమీదే అతుక్కుపోతే ప్రమాదం తప్పదు. కొత్త రౌతుల్లో తరచుగా కనిపించే లోపం ఇదే. తల ఎత్తి, రాబోయే మలుపు వైపు చూస్తూ స్వారీ చేయండి. ఎవరైనా గుర్రం మీదనుంచి పడితే రింగులో ఉన్న అందరూ వెంటనే ఆగాలి. రౌతు లేకుండా పరుగెత్తుతున్న గుర్రాన్ని మరో గుర్రం మీద తరమకూడదు. మిగిలినవి నిలబడితే చాలావరకు అదే వచ్చి వాటి పక్కన నిలుస్తుంది. గుంపులో ఉండటం దానికి ధైర్యం.

శిక్షకులు కంచె బయట నిలబడి తమ రౌతుకు వినపడేంత గొంతుతో సూచనలివ్వవచ్చు. రింగు దద్దరిల్లేలా అరవడం, చికాకులో గుర్రాన్ని కొరడాతో బాదడం ఏ పోటీలోనూ సహించరు. క్రూరంగా ప్రవర్తించిన రౌతును నిర్వాహకులు ఆవరణ నుంచి పంపించివేయవచ్చు.

7.4 పోటీ రింగులో

చిన్న రింగు 20 × 40 మీటర్లు, పెద్దది 20 × 60 మీటర్లు. పురుషుల కబడ్డీ కోర్టు 13 × 10 మీటర్లు కదా, అటువంటివి ఆరు చిన్న రింగులో పడతాయి. అంచుల వెంట ఇంగ్లీషు అక్షరాల పలకలు ఉంటాయి. ‘ఎ’ దగ్గర ప్రవేశం, దానికి ఎదురుగా ‘సి’ దగ్గర న్యాయనిర్ణేత, నడిమధ్యన ‘ఎక్స్’. అక్షరాల వరుసలో తర్కం వెతక్కండి, కంఠతా పట్టడమే మార్గం.

ముందున్న రౌతు చివరి నమస్కారం చేసేదాకా మీరు రింగు చుట్టుపక్కలకు వెళ్ళకూడదు. ఆ తర్వాత బయటి అంచు వెంట తిరుగుతూ గుర్రానికి పరిసరాలు చూపించండి. న్యాయనిర్ణేత గుడారమో, పూలకుండీయో దాన్ని బెదరగొట్టవచ్చు. గంట మోగాక 45 సెకన్లలో ‘ఎ’ దగ్గర లోపలికి రావాలి. గుర్రాన్ని నిలిపి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని, రెండో చేయి కిందికి వదిలి, తల వంచి నమస్కరించాలి.

ప్రాథమిక స్థాయి పరీక్షల్లో కదలికల క్రమాన్ని మరొకరు బయటనుంచి చదివి వినిపించవచ్చు. ఆ వ్యక్తి పత్రంలో ఉన్న మాటలే చదవాలి. ‘మెల్లగా’, ‘మడమ దించు’ అని ఒక్క మాట కలిపినా అది బయటి సహాయం కిందికి వస్తుంది, అనర్హతకు దారితీస్తుంది. రౌతు గుర్రంతో మాట్లాడినా, నాలుకతో టక్కుమని శబ్దం చేసినా ఆ కదలికకు మార్కులు తగ్గుతాయి.

దారి తప్పితే న్యాయనిర్ణేత గంట కొడతారు. కంగారు పడకుండా ఆగి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమెనో, ఆయననో అడగండి. పరీక్ష మధ్యలో న్యాయనిర్ణేతతో మాట్లాడటం తప్పు కాని సందర్భం ఇది. మొదటి తప్పుకు 2 పాయింట్లు, రెండో తప్పుకు 4 పాయింట్లు కోత, మూడో తప్పుకు అనర్హత. రౌతు పడిపోయినా, గుర్రం నాలుగు కాళ్ళూ రింగు దాటినా, స్పష్టంగా కుంటుతున్నా పరీక్ష అక్కడితో ఆగుతుంది. కుంటును దాచి లాక్కొచ్చే ప్రయత్నం చేయకండి. గుర్రం తన నొప్పిని నోటితో చెప్పలేదు. రౌతుకు పట్టకపోతే న్యాయనిర్ణేతకు పట్టాలని ఈ నియమం పెట్టారు.

7.5 మార్కులు, ఆ తర్వాత

ప్రతి కదలికకు 0 నుంచి 10 వరకు మార్కులుంటాయి, అర మార్కు కూడా వేస్తారు. 6 అంటే సంతృప్తికరం, 8 అంటే మంచిది. 0 వచ్చిందంటే అసలు చేయలేదని. ముఖ్యమైన కొన్ని కదలికల మార్కును రెండుతో గుణిస్తారు. వచ్చిన మొత్తాన్ని గరిష్ఠ మొత్తంతో భాగించి శాతం చెబుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గరిష్ఠం 200 పాయింట్లు అనుకుందాం. మీకు 124 వచ్చాయి. అంటే 62 శాతం. దారి ఒకసారి తప్పితే ఎంత? రెండుసార్లు తప్పితే ఎంత? (జవాబు: 122 పాయింట్లతో 61 శాతం. రెండో తప్పుతో మరో 4 పోయి 118 పాయింట్లు, 59 శాతం.) స్వారీలో ఏ లోపమూ లేకపోయినా, జ్ఞాపకం తప్పినందుకే 3 శాతం పోయిందని గమనించండి.

తరగతి ముగిశాక మార్కుల పత్రం మీ చేతికి ఇస్తారు. కూడికలో తప్పుంటే లెక్కలు చూసేవారికి చూపండి, సరిచేస్తారు. ‘5 బదులు 6 వేయాల్సింది’ అని న్యాయనిర్ణేత దగ్గరికి వెళ్ళడం మాత్రం మర్యాద కాదు. నియమానికి సంబంధించిన ఫిర్యాదు ఉంటే షో నిర్వాహకుడికి చెప్పాలి. ర్యాంకు చూసి పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకోకుండా పక్క గడిలో లేఖకుడు రాసిన వ్యాఖ్యలు చదవండి. ‘వృత్తం కోడిగుడ్డులా ఉంది’, ‘పగ్గం బిగుసుకుంది’ వంటి మాటలే రేపటి అభ్యాసానికి పనికొస్తాయి. స్కూలింగ్ షోకు వచ్చింది వాటికోసమే.

వెళ్ళేముందు గుర్రాన్ని నడిపించి చల్లబరచి, నీళ్ళు పట్టండి. వాహనం నిలిపినచోట పడిన గడ్డిని, లద్దెను మీరే ఎత్తి, చూపించిన చోట వేయండి. ఆ స్థలం చాలాసార్లు ఒకరి సొంత పొలం. వాళ్ళు మళ్ళీ వచ్చే నెల ఇవ్వాలా వద్దా అని ఆ సాయంత్రమే నిర్ణయించుకుంటారు.