థైరాయిడ్ మాత్ర ముందు, చాయ తర్వాత

పాల కేంద్రాల తనిఖీకి కేసముద్రం ప్రాంతపు గ్రామాలకు వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాలతోపాటు సభ్యుల కష్టసుఖాలు కూడా మా చెవిన పడుతుంటాయి. ఈ మధ్య మహిళా సభ్యుల నోట తరచుగా వినవస్తున్న మాట థైరాయిడ్. మాత్ర వాడుతున్నా నీరసం తగ్గడం లేదని కొందరు, ఈ జబ్బు వస్తే పాలు మానాలట కదా అని మరికొందరు అడుగుతున్నారు. మేము వైద్యులము కాము; చికిత్స నిర్ణయించవలసింది వైద్యులే. అయితే ఈ జబ్బులో మందు ఎంత ముఖ్యమో, దానిని వేసుకునే పద్ధతి అంత ముఖ్యం. ఆ పద్ధతికి పాలతో, చాయతో సంబంధం ఉన్నది గనుక పాడి కుటుంబాలు ఈ సంగతులు తెలుసుకోవడం అవసరం.

జబ్బు ఏమిటి?

గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. శరీరంలో పనులన్నీ ఎంత వేగంగా జరగాలో ఇది తయారుచేసే హార్మోను నిర్ణయిస్తుంది. హార్మోను తగ్గితే నీరసం, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం, జుట్టు రాలడం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఈ జబ్బు మగవారికంటె ఆడవారిలో చాలా ఎక్కువ.

రోగాలను ఎదిరించే కాపలా శక్తి ప్రతి శరీరంలోనూ ఉన్నది. కాపలా కుక్క దొంగను వదిలి ఇంటి దూడనే కరిచినట్లు, కొందరిలో ఆ శక్తి సొంత థైరాయిడ్ గ్రంథి మీదనే పడుతుంది. గ్రంథి కొద్దికొద్దిగా దెబ్బతిని హార్మోను తగ్గిపోతుంది. ఇటువంటి గ్రంథిని 1912లో నలుగురు స్త్రీలలో గమనించి వర్ణించినవారు జపాను వైద్యుడు హకారు హషిమోటో. అందుకే ఈ జబ్బుకు ఆయన పేరు వచ్చింది. శరీరం తనపై తానే దాడి చేసుకోగలదని 1956లో లండన్‌లోను, అమెరికాలోని బఫెలో నగరంలోను జరిగిన పరిశోధనలు తేల్చాయి. బఫెలో అంటే మన బర్రెయే!

అయోడిన్‌తో నయం కాదా?

గొంతు వాపులన్నీ ఒకటి కావు. అయోడిన్ లోపం వలన వచ్చే వాపు వేరు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలైన పరిశోధన ద్వారా, ఉప్పులో అయోడిన్ కలిపితే ఆ వాపు తగ్గుతుందని నిరూపించారు. 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం కారణంగానే నేడు అయోడిన్ ఉప్పు ఇంటింటికీ చేరింది. ఆ ఉప్పును అందరూ వాడవలసిందే. కాని హషిమోటో జబ్బుకు అదనపు అయోడిన్ మందు కాదు. అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు సొంతంగా వాడితే జబ్బు ముదరవచ్చు.

పాలకు లాగే పరీక్ష

పాల నాణ్యతను కంటితో చూసి నిర్ణయించము; వెన్న శాతం పరీక్షించి ధర కడతాము. ఈ జబ్బూ అంతే. నీరసాన్ని బట్టి మాత్ర పెంచుకోవడం, బాగున్నామని తగ్గించుకోవడం రెండూ తప్పే. టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష ఆధారం కావాలి.

ఆ అంకె ఎక్కువ వస్తే థైరాయిడ్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి తిరకాసుగా ఉంటుంది. పాలు తక్కువ వచ్చిన రోజున సంఘం కార్యదర్శి సభ్యులకు గట్టిగా కబురు పెట్టినట్లు, థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచి పంపుతుంది. కాబట్టి ఆ అంకె పెరిగితే సాధారణంగా హార్మోను తగ్గినట్లు లెక్క. మాత్ర మోతాదు మార్చిన 6 నుండి 8 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. నిలకడ వచ్చాక సాధారణంగా ఏడాదికి ఒకసారి చాలు.

మాత్ర వేసుకునే పద్ధతి

గ్రంథి తయారుచేయలేని హార్మోనునే మాత్రగా ఇస్తారు. దాని పేరు లెవోథైరాక్సిన్. మోతాదు మైక్రోగ్రాముల్లో, అంటే గ్రాములో పదిలక్షల వంతుల్లో ఉంటుంది. అంత కొద్ది మందు పేగులో సరిగా ఇంకకపోతే వేసుకున్న ఫలితం దక్కదు. పాలలోని కాల్షియం, చాయ, కాఫీ, తిండి దానిని ఇంకనివ్వవు. మాత్ర మానకపోయినా నీరసం తగ్గకపోవడానికి తరచుగా ఇదే కారణం.

పాడి ఇంటి దినచర్య ఈ మందుకు బాగా కుదురుతుంది. తెల్లవారుజామున లేవగానే, పెండ తీయకముందే, ఒక గ్లాసు మంచినీళ్ళతో మాత్ర వేసుకోండి. కొట్టం శుభ్రం చేసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చేసరికి సుమారు గంట గడుస్తుంది. అప్పుడు చాయ తాగవచ్చు. అరగంట తప్పనిసరి, గంట మేలు. ఉదయం కుదరనివారు వైద్యులతో చెప్పి, రాత్రి తిన్న మూడు గంటల తర్వాత వేసుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. ఏ వేళ అయినా రోజూ అదే వేళ కావాలి.

1. మరచిపోయామని మరునాడు సొంతంగా రెండు మాత్రలు వేసుకోరాదు.
2. సీసాను పొయ్యి దగ్గర, ఎండ తగిలే కిటికీలో, తడి ఉన్నచోట ఉంచరాదు. మాత్రలు కాగితంలోకి మార్చరాదు.
3. పది మాత్రలు మిగిలి ఉండగానే కొత్త సీసా తెచ్చుకోవాలి. వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడాలి. మారితే వైద్యులకు చెప్పాలి.
4. ఒంట్లో బాగున్నదని మానరాదు. బాగుండడం మాత్ర పనిచేస్తున్నదనడానికి గుర్తు. చాలామందికి ఇది జీవితాంతపు మందు.
5. ఎక్కువ వేసుకుంటే బరువు తగ్గుతామనుకోవడం ప్రమాదం. గుండె దడ వస్తుంది, ఎముకలు గుల్లబారుతాయి.

ఏమి తినాలి?

పాలు, పెరుగు, చల్ల మానవలసిన పని లేదు. మాత్రకు, పాలకు మధ్య ఎడం ఉంటే చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తినవచ్చు. జొన్నరొట్టె మానవలసిన పని లేదు. సోయా, మీల్‌మేకర్ తినేవారు మాత్ర వేళకు దూరంగా తినాలి. పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పండ్లతో కూడిన మామూలు భోజనమే మంచి ఆహారం. ఈ జబ్బును ఆహారం ఒక్కటే నయం చేయలేదు.

ఇతర మాత్రల సంగతి

ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడంగా వేసుకోవాలి. కడుపు మంటకు మందులు వాడేవారు ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. జుట్టు కోసం అమ్మే బయోటిన్ మాత్రలు రక్తపరీక్ష అంకెలను తారుమారు చేస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. సెలీనియం మోతాదు మించితే జుట్టు, గోళ్ళు ఊడతాయి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోనును పెంచవచ్చు. విటమిన్ డి, బి12 లోపం ఉన్నదని పరీక్షలో తేలితేనే వాడాలి. వీటిలో ఏదీ లెవోథైరాక్సిన్‌కు బదులు కాదు.

గర్భిణులకు ప్రత్యేక మనవి

ఈ మాత్ర వాడే స్త్రీ నెల తప్పిన వెంటనే, మూడో నెల దాకా ఆగకుండా, వైద్యులకు తెలియజేయాలి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. ఆ సమయంలో మోతాదు సాధారణంగా పావు వంతు నుండి మూడో వంతు వరకు పెంచవలసి వస్తుంది. హార్మోను చాలకపోతే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు జరిగే ప్రమాదం ఉన్నది. గర్భం కోసం ఎదురుచూసేవారు ముందుగానే పరీక్ష చేయించుకోవడం మేలు. అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మానరాదు. వేళ మార్చుకుంటే చాలు.

కేసముద్రం సభ్యులకు మహబూబాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర, పెద్ద చికిత్సకు వరంగల్ ఎం.జి.ఎం. ఉన్నది. చాలాకాలం మందు మానినవారు మగతగా, మతి తప్పినట్లు ఉండి ఒళ్ళు చల్లబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

ఇంటి మగవారికి ఒక మాట. పశువుకు టీకా తేదీ గుర్తుంచుకున్నట్లే ఇంటి ఆడవారి పరీక్ష తేదీ గుర్తుంచుకోండి. మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టండి. పొద్దున పొయ్యి మీద చాయ పెట్టేముందు "మాత్ర వేసుకున్నావా?" అని ఒక్క మాట అడగండి. దీనికి ఖర్చు లేదు, ఫలితం మాత్రం ఇంటిల్లిపాదికీ దక్కుతుంది.