మాట తడబడే పిల్లలు - తరగతికి ఇద్దరు

ముప్పై మంది పిల్లలున్న ఒక తరగతి గదిని ఊహించుకుందాం. అందులో మాటకో, భాషకో సంబంధించిన లోపం ఎందరికి ఉండవచ్చునని అడిగితే, 'ఇలాంటి పిల్లలు వేయికొకరు ఉంటారేమో' అని మనలో చాలామంది అంటారు. మేము కూడా చాలాకాలం అలాగే భావించాము. వాస్తవం వేరు. ఆ గదిలో సగటున ఇద్దరు పిల్లలు భాషా లోపంతో సతమతమవుతూ ఉంటారు.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలో బడిలో అప్పుడే చేరిన ఏడు వేలకు పైగా పిల్లలను పరిశీలించి, 1997లో ప్రకటించిన అధ్యయనంలో 7.4 శాతం మందికి భాషా లోపం ఉన్నట్లు తేలింది. వీరికి వినికిడి లోపం లేదు, బుద్ధిమాంద్యం లేదు. ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో జరిపి 2016లో వెలువరించిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే సంఖ్యను చూపింది. ఇతర వైకల్యాలతో పాటు భాషా లోపం ఉన్నవారిని కూడా కలిపితే, అక్కడ ఆ సంఖ్య దాదాపు 10 శాతానికి చేరింది.

కనిపించేది, కనిపించనిది

మాట లోపం వేరు, భాషా లోపం వేరు. నత్తి, అక్షరాలు సరిగా పలకకపోవడం మాట లోపాలు. ఇవి చెవికి వెంటనే తెలిసిపోతాయి. పిల్లలలో సుమారు 5 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు నత్తి వస్తుంది. వారిలో అత్యధికులకు అది తగ్గిపోతుంది.

భాషా లోపం అలా బయటపడదు. ఆ పిల్లవాడు శబ్దాలన్నీ చక్కగానే పలుకుతాడు. కానీ పొడవైన వాక్యం అతనికి అర్థం కాదు. బడిలో జరిగిన సంగతిని వరుసగా చెప్పలేడు. రెండు పనులు ఒకేసారి చెబితే ఒకటే చేసుకు వస్తాడు. పాఠం బోధపడక మౌనంగా కూర్చుంటాడు. పైన పేర్కొన్న అమెరికా అధ్యయనంలో, లోపం ఉన్నట్లు తేలిన పిల్లల తల్లిదండ్రులలో ఆ సంగతి అంతకుముందే తెలిసినవారు 29 శాతం మాత్రమే!

మరి మిగిలిన పిల్లలకు దక్కేదేమిటి? బడిలో 'మొద్దు', మక్తబ్‌లో 'సబఖ్ అప్పజెప్పని సోమరి', వీధిలో 'హక్లా', 'తోత్లా' అన్న బిరుదులు. తెలియక చేసే ఈ అన్యాయం లోపం కన్నా లోతైన గాయం చేస్తుంది. కొద్దికాలానికి ఆ బిడ్డ నోరు విప్పడమే మానేస్తాడు.

రెండు భాషలు కారణమా?

మన ఇళ్ళలో చాలాచోట్ల అమ్మ ఒడిలో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. బిడ్డకు మాటలు ఆలస్యమైతే 'ఇన్ని భాషలతో కలగాపులగమైంది, ఇంట్లో ఉర్దూ మానేయండి' అని సలహా ఇచ్చేవారు తక్కువేమీ కాదు. ఈ సలహాకు ఆధారం లేదు. ఒకటి కన్నా ఎక్కువ భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. నిజంగా లోపం ఉంటే, అది బిడ్డ మాట్లాడే ప్రతి భాషలోనూ కనిపిస్తుంది. ఇంట్లో ఉర్దూ చక్కగా మాట్లాడే పిల్లవాడు బడి ఇంగ్లీషులో తడబడితే, అది లోపం కాదు, ఆ భాష ఇంకా అలవడలేదంతే.

అలాగే యాసను లోపంగా భావించరాదు. 'ఖాఫ్' అక్షరాన్ని 'ఖే'లాగా పలకడం దక్కనీ వారి మాట తీరు. తజ్వీద్ నేర్పే ఉస్తాదు దాన్ని సరిదిద్దవచ్చు, కానీ అది రోగం కాదు.

తల్లిదండ్రులు చేయవలసినది

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోయినా, నాలుగేళ్ళు దాటాక కూడా బిడ్డ మాట బయటివారికి అర్థం కాకపోయినా, 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అని సరిపెట్టుకోకూడదు. మొదట వినికిడి పరీక్ష చేయించాలి. చెవిలో తరచూ చీము కారే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ తరువాత స్పీచ్ థెరపిస్టును కలవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉంది. హైదరాబాద్‌కు చెందిన అలీ యావర్ జంగ్ పేరిట నెలకొన్న జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇంట్లో చేయగలిగినదీ తక్కువేమీ కాదు. బిడ్డతో చిన్న వాక్యాలలో, నిదానంగా మాట్లాడాలి. అతను మాట వెతుక్కుంటుంటే వేచి ఉండాలి. ఆ మాటను మనం అందుకుని పూర్తిచేయరాదు. తప్పు పలికితే ఎగతాళి చేయక, సరైన మాటను మనమే మరోసారి పలికి వినిపించాలి.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు. తనకన్నా ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా కోరుకున్నారు. ఆ తోడు ఆయనకు లభించింది. మన తరగతి గదులలో మౌనంగా కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలకూ కావలసింది అలాంటి తోడే. ఆ తోడు ముందుగా ఇంట్లోనే దొరకాలి.